కాగితం అడగని ఇల్లు

బొబ్బిలి బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ పేరు నాకు తెలియదు. ఆవిడ ఒళ్ళో ఎండుచేపల సంచి ఉంది. చనిపోయిన మా నాన్నగారి పేరిట లోను బాకీ ఉందని ఒక గొంతు వారం రోజులుగా నన్ను ఫోనులో బెదిరిస్తోంది; ఇవాళ సాయంత్రంలోగా కట్టకపోతే మా వీధిలో నిలబడి అరుస్తామంది. భూములు పోయినా పరువు మిగిలిందనుకునే ఇల్లు మాది. అమ్మకు తెలియకుండా ఆమె గాజులు అమ్మడానికి బయల్దేరాను.

మళ్ళీ ఫోను మోగింది. "నాన్నగారి బాకీ సాయంత్రంలోగా పంపుతాను, ఇంటికి మాత్రం రావద్దు," అన్నాను.

పక్కనావిడ నా వైపు తిరిగింది. "బాబూ, ఆ అప్పు కాగితం సూసినావా?"

"మా ఇంట్లో కాగితం చూపించమని ఎవరినీ అడగరు," అన్నాను బిగుసుకుని.

"అబ్బో! అందుకే నిన్నట్టుకున్నాడు. ఏ బేంకో, ఏ ఆఫీసో అడుగు. కాగితమంపితే పోలీసులకి సూపించి కడతానని సెప్పు."

ఆ నంబరుకే ఫోను చేసి అలాగే అడిగాను. ఆ గొంతు మొదట తిట్టింది, తరువాత ఫోను పెట్టేసింది. మళ్ళీ మోగలేదు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఇలాటి ఫోనొస్తే మా ఆయన రెండుసార్లు కట్టినాడు. మూడోసారికి డబ్బుల్లేవు. సిగ్గేసి నాకూ సెప్పనేదు, పేణం తీసుకున్నాడు. కర్మనాడు కూడా ఆ ఫోనొచ్చింది. కాగితమేదిరా అని నానడిగినాను. ఒక్క మాటకే పెట్టేసినాడు బాబూ."

తన ఊరు రాగానే సంచి ఎత్తుకుని దిగిపోయింది.

గాజులు అమ్మకుండానే ఇంటికి వచ్చి అమ్మకు అన్నీ చెప్పాను. బస్సులోని ఆవిడ భర్త సంగతి మాత్రం చెప్పలేకపోయాను.