పోటీదారుకు నాలుగు ప్రశ్నలు

బస్టాండులో అందరూ ఆమెను బుట్టలమ్మ అనేవారు. శిక్షణకు దరఖాస్తు నింపే రోజున గుమాస్తా అసలు పేరు అడిగితే, ఆమెకే ఒక క్షణం ఆలోచించాల్సి వచ్చింది.

వాళ్లది అడవి జాతి. పట్నం అంచుకు దిగి రెండు తరాలైనా పని మారలేదు. వెదురు చీల్చడం, బుట్టలల్లడం. ఆదివాసీ వ్యాపారులకు పది రోజులు వ్యాపార నిర్వహణ నేర్పిస్తామని సంక్షేమ కార్యాలయం పిలిస్తే, ఫ్యాను కింద కూర్చోవచ్చు కదా అని ఒప్పుకుంది.

"వ్యాపారం ఎప్పుడు స్థాపించారు?" అని అడిగాడు గుమాస్తా.

"మా ముత్తవ్వకి వాళ్ల ముత్తవ్వ నేర్పిందంట బాబూ."

గుమాస్తా ఆ గడిలో ఒక గీత గీశాడు.

శిక్షణ ఇచ్చే మాస్టారుకు ముప్పై ఏళ్లుంటాయి. తాను మేనేజ్‌మెంటు చదివానే గాని ఇంతవరకూ ఏ వస్తువూ అమ్మలేదని మొదటిరోజే చెప్పేశాడు. ఆ నిజాయితీ అందరికీ నచ్చింది. మూడో రోజు పాఠం పోటీదారుల గురించి.

"మీ సరుకే, మీ దగ్గర్లోనే, మీ కొనుగోలుదారులకే అమ్మేవాళ్లు మీకు పోటీదారులు. లేదా మీకు దక్కాల్సింది ముందే పట్టుకుపోయేవాళ్లు. మీకెవరున్నారు?"

తేనె అమ్మే ముసలాయన "ఎలుగుబంటి" అన్నాడు. మాస్టారు దాన్ని బోర్డు మీద రాశాడు.

బుట్టలమ్మ "మా తోడికోడలు" అంది.

తోడికోడలు, అంటే మరిది భార్య, బస్టాండు రెండో గేటు దగ్గర బుట్టలమ్ముతుంది. ఇద్దరికీ మాటల్లేక పదకొండేళ్లు. మెలికల అంచు అల్లడం ముందు ఎవరు మొదలుపెట్టారన్న దగ్గర గొడవ వచ్చింది. సర్దిచెప్పడానికి వచ్చిన పెద్దలతో కూడా ఇద్దరూ మాటలు మానేశారు.

మాస్టారు హోంవర్కుగా నాలుగు ప్రశ్నలిచ్చాడు. పోటీదారు బలమేమిటి, బలహీనత ఏమిటి, ఆమె దగ్గర ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు. దూరం నుంచి గమనించి రమ్మని అతని ఉద్దేశం. ఆ ముక్క చెప్పడం మరిచిపోయాడు. బుట్టలమ్మ బడి మెట్లెక్కిన మనిషి కాదు, ఆమెకు హోంవర్కు ఇచ్చినవాళ్లు అంతవరకూ లేరు. నాలుగు ప్రశ్నలూ కంఠతా పట్టి, ఆ సాయంత్రమే తల దువ్వుకుని తోడికోడలి తలుపు తట్టింది.

తోడికోడలు తలుపు తీసి, "ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు. ఆఫీసు పని మీద వచ్చాను. నీ బలమేంటో చెప్పు."

తోడికోడలు ఆలోచించింది. "నోరు."

"అది నాకూ తెలుసు. బలహీనత?"

తోడికోడలు లోపలికి వెళ్లి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. ఒకటి బల్ల మీద పెట్టబోయి, అంచు దాటించి వదిలేసింది. టీ అంతా నేలపాలైంది.

"కళ్లు, అక్కా," అంది తోడికోడలు. "ఆర్నెల్లుగా వెదురు బద్ద కనపడట్లేదు. వేళ్లతో తడుముకుని అల్లుతున్నా. మీ మరిదికి కూడా చెప్పలేదు."

"మరి నాకెందుకు చెప్పావే?"

"ఆఫీసు పనన్నావుగా."

మిగిలిన గ్లాసు టీని ఇద్దరూ పంచుకున్నారు. మిగతా రెండు ప్రశ్నలూ బుట్టలమ్మ అడగలేదు.

మర్నాడు తరగతిలో తనకు తెలిసినంతా చెప్పింది. మాస్టారు ముఖం వెలిగిపోయింది.

"చాలా బాగా చేశారమ్మా! ఇప్పుడు ఆ బలహీనతను మీకు అవకాశంగా మార్చుకోవాలి."

"అంటే?"

"ఆవిడ బుట్టల్లో నాణ్యత తగ్గుతుంది. ఆవిడ దగ్గర కొనేవాళ్లను మీవైపు తిప్పుకోవాలి."

బుట్టలమ్మ లేచి నిలబడింది.

"ఆ సంగతి నిన్ననే చెప్పాల్సింది బాబూ," అంది బుట్టలమ్మ. "నేను వాళ్లింట్లో టీ తాగొచ్చాను."

మాస్టారు పుస్తకం తిరగేశాడు. టీ గురించి అందులో ఏమీ లేదు. పుస్తకం మూసి, "అయితే ఏం చేద్దామనుకుంటున్నారు?" అని నిజంగానే తెలియక అడిగాడు.

"రేపట్నుంచి రాను. దాన్ని కంటాసుపత్రికి తీసుకెళ్లాలి."

"హాజరు తగ్గితే సర్టిఫికెట్ ఇవ్వరమ్మా."

"పోనీలే బాబూ. ఇచ్చినా నేను చదవలేను."

డాక్టరు కళ్లలో పొరలు వచ్చాయని చెప్పి, ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశాడు. తోడికోడలు ఇంటిపట్టున ఉన్నన్నాళ్లూ బుట్టలమ్మ పొద్దున తన చోట, మధ్యాహ్నం రెండో గేటు దగ్గర కూర్చుంది. తోడికోడలు సగంలో వదిలేసిన బుట్టను కూడా తనే పూర్తి చేసి, కట్టు విప్పే రోజున పట్టుకెళ్లింది.

తోడికోడలు ఆ బుట్టను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "ఇది నేనల్లిందేనా?"

"సగం నీది, సగం నాది."

"అనుకున్నా. సగం నుంచి వంకరపోయింది."

బుట్టలమ్మ బుట్ట లాక్కుని విసురుగా బయటికి నడిచింది. గుమ్మం దాటాక గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చేదాకా నవ్వింది.

సర్టిఫికెట్ రాలేదు. ఇప్పుడు ఇద్దరూ పొద్దున్నే ఒకే వాకిట్లో వెదురు చీలుస్తున్నారు, చీల్చినంతసేపూ మాట్లాడుకుంటూనే ఉంటారు. వీళ్లకు మాటల్లేని రోజుల్లోనే ఇల్లు ప్రశాంతంగా ఉండేదని మరిది ఒకసారి అన్నాడు. మళ్లీ అనలేదు.