మా నాయన ద్రాక్షపందిరి ఉండె

మేడ్చల్ దిక్కు పుట్టిపెరిగిన అక్కలు, తమ్ముళ్ళు ఎవరన్నా ఉంటే ఇది చదవండి. నాకు చదువు రాదు, నేను చెప్తుంటే కోడలు రాస్తున్నది.

నా కొడుకు ఆఫీసు పని మీద ఫ్రాన్స్ పోయొచ్చిండు. పొద్దున సింగపూర్‌ల ఈ యీషున్ ఫ్లాట్‌ల కూసోని ఫోటోలు చూపిచ్చిండు. ద్రాక్షతోట నడుమ ఇల్లు, ఎండాకాలం, పందిరి కింద బల్లేసుకొని అందరు తింటున్నరు. "చిన్నప్పుడు మా ఇల్లు ఇట్లనే ఉండె" అన్న. మనవరాలు పడి పడి నవ్వింది. "ఇండియాల ద్రాక్షతోటనా? కాంట్ లా, ఉండనే ఉండదు నానమ్మా!" నా కొడుకేమో ల్యాప్‌టాప్‌ల నుంచి తల ఎత్తకుండ "ఏమో, ఉండెనేమో" అన్నడు.

ఉండెనేమో ఏందిరా? రాతి కడీలు పాతి, తీగెలు గుంజి కట్టిన పందిరి మాది. ఎండాకాలమంత మా బతుకు దాని కిందనే. తెల్లద్రాక్ష గుత్తులు నెత్తికి తగిలేవి. గుత్తులు గంపలల్ల పట్నం పోతుండె, రాలిన పండ్లు మాయి. పచ్చికాయలేసి అమ్మ పప్పు వండేది, ఎంత పులుపు! మధ్యాహ్నం పెద్దోళ్ళు పడుకుంటే మేము డబ్బాలు కొట్టి రామచిలుకలను తోలేటోళ్ళం. ఆ ఫోటోల పిట్టలను తోలేటోడు ఒక్కడు లేడు, అదేం తోట?

ఇప్పుడక్కడ ఐటీ ఆఫీసులు లేసినయి. చూపియ్యనీకి ఒక్క తీగె మిగల్లేదు. మీరు అట్లాంటి పందిరి కింద పడుకున్నోళ్ళయితే, ఆ పప్పు తిన్నోళ్ళయితే, "ఉండె" అని కింద రాయండి. కోడలు ఒక్కొక్కటి గట్టిగ చదువుతది. నా కొడుకును ల్యాప్‌టాప్ మూపిచ్చి ఎదురుంగ కూసోబెడుత.