దేవరకొండ గుట్ట మీద విన్న విమానాల దారి

రిటైరయ్యాక నేను చదువు చెప్పిన సల్మాకు విమానాశ్రయంలో ఉద్యోగం వచ్చింది. పైలట్లకు దారి చూపే రేడియో యంత్రాలను కనిపెట్టుకుని ఉండే పని. రిటైరయ్యేదాకా నేనూ చేసిన పనే. చేరుతుందో లేదో సల్మా సోమవారంలోగా చెప్పాలి. వాళ్ల నాన్న ఖాజా భాయ్ మాత్రం ససేమిరా అన్నారు. దూరమనీ కాదు, ఆడపిల్ల అనీ కాదు. దేవరకొండలో ఆయనది మైక్ సెట్లు కిరాయికిచ్చే దుకాణం. "మైకు ఆగితే పెండ్లిల నాలుగు తిట్లు తిని ఇంటికొస్తం. విమానంల గట్లైతెనో మేడం? గన్ని పానాలు నా బిడ్డ మెడకు చుట్టుకుంటయి," అన్నారు ఫోన్లో. ఆ భయానికి ఉపన్యాసం మందు కాదు. గుట్టమీద వినిపిద్దామని, విమానాల సిగ్నళ్లూ పట్టే రేడియో సంచిలో వేసుకుని బయలుదేరాను.

మహబూబ్‌నగర్‌లో పొద్దున్నే బస్సెక్కితే జడ్చర్ల మీదుగా కల్వకుర్తి, అక్కడ బస్సు మారితే దేవరకొండ. మూడు గంటల పైమాటే. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి నా ఖర్చల్లా కల్వకుర్తి బస్టాండులో తిన్న ఇడ్లీ. దాని గురించి రాయకపోవడమే మంచిది. దేవరకొండ బస్టాండు నుంచి గుట్టమీది కోట కిందిదాకా ఆటోవాళ్లు యాభై అరవై అడుగుతారు. నన్ను మాత్రం ఖాజా భాయ్ సౌండ్ బాక్సులు మోసే తన ట్రాలీ ఆటోలో ఎక్కించుకున్నారు. ముందు సీటులో ఇరుక్కుని నేను, వెనక నిలబడి సల్మా. "మీరొచ్చిండ్రని వస్తున్న మేడం. నా మనసైతే మారది," అని ముందే చెప్పేశారు.

కోటకు టికెట్ లేదు. దర్వాజాలు దాటుకుంటూ, ముళ్లకంపలు తప్పించుకుంటూ గంటసేపు ఎక్కాం. దారిలో మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ "కోటను చూస్తున్నా" అని బుకాయించాను. పైన బండమీద రేడియో తీసి తిప్పితే నూట ఎనిమిది మెగాహెర్ట్జ్ దగ్గర ఎఫ్ఎం పాటలు ఆగిపోయాయి.

"గీడికెల్లి నూట పద్దెనిమిది దాంక విమానాల జాగా అబ్బూ," అంది సల్మా. "దిక్కు చెప్పేది, రన్‌వే నడిమికి తెచ్చేది గీ జాగలనే ఉంటయి. ఎంత వాలుగ దిగాల్నో చెప్పేది మూడువందల ముప్పై కాడ. ఎంత దూరమున్నమో చెప్పేది ఇంకా పైన, వెయ్యి చుట్టుపక్కల."

"అన్ని ఒక్క కాడ పెడితే పోదా?"

"మొన్న రెండు బరాత్‌ల కార్డ్‌లెస్ మైకులు ఒక్కటే చానల్ల పెడితే ఏమైంది?"

ఖాజా భాయ్ నవ్వేశారు. "వాళ్ల పాట మా బాక్సులల్ల మోగింది. ఇగ చూడు లొల్లి!"

హైదరాబాద్ వైపున్న, దిక్కు చెప్పే కేంద్రం దొరికింది. ఇయర్‌ఫోను ఒక కొస తండ్రి చెవిలో, ఇంకో కొస కూతురి చెవిలో. బుస మధ్య సన్నగా చుక్కలూ గీతలూ: ఆ కేంద్రం మోర్స్‌లో తన పేరు చెప్పుకుంటోంది. ఆ పూట అక్కడ మరమ్మతు ఉందని పైలట్లకు ముందే ఇచ్చిన ప్రకటనలో చూశాను. నేను ఆ రోజును ఎంచుకున్నదీ అందుకే. ఖాజా భాయ్‌కి ఆ సంగతి చెప్పలేదు.

కాసేపటికి పేరు ఆగిపోయింది. ఆయన ఇయర్‌ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నారు. సరిగ్గా అప్పుడే మా నెత్తిమీద ఒక విమానం పోతోంది. "బందైంది బేటీ! గాళ్లు ఇగ ఎటు పోతరు? యా అల్లా!"

"ఫికర్ వద్దు అబ్బూ. సిగ్నల్ ఉంది, పేరొక్కటే తీసిండ్రు. మిషన్ల చెయ్యి పెట్టేముందు పేరు తీసెయ్యాలె, గదే మొదటి పని. పేరు చెప్పని సిగ్నల్‌ను పైలట్ నమ్మడు. వేరేయి ఉంటయి, గవి చూసుకుంటడు."

"మీరు చూసుకోకముందే సిగ్నల్ల తప్పు జరిగితే?"

"మిషనే పసిగట్టి తనంత తానే బందైతది."

సల్మా తల్లి కట్టిచ్చిన బగారా అన్నం తిన్నాం. తింటున్నా ఖాజా భాయ్ ఇయర్‌ఫోను తీయలేదు. ఉన్నట్టుండి చెయ్యెత్తారు. "వచ్చింది! పేరు వచ్చింది!"

తర్వాత కూతురి వైపు తిరిగారు. "మా దందల మైకు కరాబైతే 'ఏం కాలె, అంతా మంచిగున్నది' అని ఒర్రుతం. గీ కొలువుల 'నన్ను నమ్మకుండ్రి' అని మొదలు చెప్పాలె, గంతేనా?"

"గంతే అబ్బూ."

"మీ అమ్మీ బిర్యానిల ఉప్పెక్కువైందని చుట్టాల ముంగటనే చెప్పి తిట్లు తిన్నవు. నీ అసొంటిదానికి గీ కొలువే సరి. సోమవారం దాంక ఎందుకు, గిప్పుడే చెప్పు వస్తున్ననని."

సల్మా ఏడుస్తూనే ఫోన్ తీసింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు. ఉద్యోగమంతా అదే పేరు తీశాను, బాగుచేశాను, మళ్లీ పెట్టాను. మా ఇంట్లో ఒక్కరూ అది ఎలా వినిపిస్తుందని అడగలేదు. ఆ పిల్లను చూస్తే నాకు అసూయ కలిగింది, నిజం. బిడ్డ పని ఏమిటో తెలుసుకోవడానికి గుట్టెక్కే తండ్రి అందరికీ దొరకడు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: రేడియోలో విమానాల బ్యాండ్ ఉందో లేదో చూసుకుని, ఇయర్‌ఫోన్లు తప్పక పెట్టుకోండి. స్పీకరులో ఆ సన్నటి చప్పుడు గాలికి పోతుంది. మీ పనిని చూసి భయపడే మనిషి ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లి, ముందు వాళ్ల చెవికే ఇవ్వండి.