తారుతో రాసిన మాట

మా వియ్యంకుడు, అంటే నా కూతురి మామగారు, పోయిన కబురు రెండు వారాల కింద ఒక పొద్దున తాండూరు రైల్లో ఒక మనిషి తెచ్చాడు. ఎవరు పంపారు, నువ్వు కళ్లారా చూశావా అని అతణ్ణి రెండుసార్లు అడిగాను. నా స్వభావం అది. ఆయన విషయంలో ఆ స్వభావం ఒకసారి చేసిన చేటు ఇక్కడ చెప్పాలి.

ఆయన తాండూరులో బండల గని దగ్గర మంచి బండలు ఏరే పని చేసేవారు. ప్రతి బండనూ వేలి కణుపుతో తట్టి వినేవారు. గంటలా మోగితే పక్కన పెట్టించేవారు. బాగాలేకపోతే పుల్లను తారులో ముంచి దానిమీద ఇంగ్లీషులో ఒక మాట రాసేవారు. అంచులు విరిగితే ‘టాటీ’, పని మొరటుగా ఉంటే ‘షాడీ’, లోపల పగులుంటే ‘లౌజీ’. వయసులో ఉండగా రైలు పట్టాలు వేయించిన ఒక తెల్లదొర దగ్గర నేర్చిన మాటలవి. బడి పుస్తకాల్లో ఉండవు. మా బడిలో దొరసాని టీచరు మా చేతిరాతను ఆ మాటలతోనే తిట్టేది కనుక నాకు తెలుసు.

రజాకార్ల గొడవ సద్దుమణిగాక వికారాబాద్‌లో మేం రెండు గదులు కట్టించాం. బండలు ఆయనే పంపారు. దించుతుంటే ఒకదాని మూల ‘లౌజీ’ కనిపించింది. ఎవరూ కొననివి నాకు అంటగట్టారనుకున్నాను. కూతురికి కూడా చెప్పకుండా మరునాడే రైలెక్కాను.

నేను వెళ్లేసరికి ఆయన ఒక బండమీద ‘షాడీ’ అని రాస్తున్నారు. దాన్ని కొట్టిన ముసలాయన పక్కనే ఉన్నాడు.

“ఏం రాసినవ్ సారూ?”

“దాని పేరు రాసిన తాతా. నువ్వు ఇంకోటి కొట్టు.”

అబద్ధం దొరికిందనుకున్నాను. “పేరు కాదు,” అన్నాను అందరూ వినేలా. “చెత్త పని అని రాశారు. నాకు పంపినదాని మీదా ఇట్లాంటి మాటే ఉంది.”

ముసలాయన ఆ నల్లటి అక్షరాలను చాలాసేపు చూశాడు. “ఇన్నేండ్ల సంది నా బండల మీద గిదేనా సారూ?” సుత్తి, ఉలి గుడ్డలో కట్టుకొని వెళ్లిపోయాడు.

మా వియ్యంకుడు నన్ను కోప్పడలేదు. “తెల్వని తిట్టు తాకదనుకున్న చెల్లె. తాతకు ఇదొక్కటే పని. ఇంట్ల తినేటోళ్లు ఆరుగురు,” అన్నారు. నా బండలో పగిలిన సగం కోసేసి మంచి సగమే పంపారట. మాట ఈ సగం మీద ఉండిపోయింది. “తట్టి చూసినవా?” అని అడిగారు. తట్టలేదు. చదివాను, అంతే.

రెండు రోజులు ఆయన ముసలాయన ఇంటికి తిరిగారు. అతను తలుపు తీయలేదు. వాళ్లింట్లోనే ఆగిపోయిన నేను మూడోరోజు ఆయన వెంట వెళ్లి గడప బయట నిలబడి, తప్పు నాది అన్నాను. లోపలి నుంచి జవాబు వచ్చింది. “నువ్వు సదివినవమ్మా. రాసినోన్ని మాట్లాడమను.”

“ఇగ రాయను తాతా,” అన్నారు మా వియ్యంకుడు. “ ఏమున్నా నీ ముందట్నే జెప్త.”

తలుపు తెరుచుకుంది. “జర తక్వ జెప్పు మరి,” అన్నాడు ముసలాయన.

మర్నాడు ఉలి చప్పుడు విన్నాకే నేను తిరుగు రైలెక్కాను. ఆయన మళ్లీ తారు ముట్టలేదు. బాగాలేని బండ వస్తే కొట్టినవాణ్ణి పిలిచి, “ఇది జర అలిసింది, నువ్వే తట్టి జూడు” అనేవారు.

నా బండను వంటింటి గోడకు అరగా వేయించి, మాట కనబడకుండా దానిమీద ఆవకాయ జాడీ పెట్టాను. ఆయన దినాలకు వెళ్లి నిన్న తిరిగొచ్చాక ఆ జాడీ జరిపాను. ‘లౌజీ’ అట్లాగే నల్లగా ఉంది. వేలి కణుపుతో తట్టాను. మోగింది. నమ్మకం చాలక ఇంకోసారి తట్టాను.