ఉస్తాద్ మోచెయ్యి

ఆ ఉదయం చాయ్ గ్లాసు ఎడమ చేతిలోంచి జారి గచ్చు మీద పగిలితే, ఇక్రార్ మియా గ్లాసులు తయారుచేసినవాణ్ణి తిట్టాడు. అంతకు ముందు కుర్తా గుండీలు వేళ్లకు చిక్కకపోతే దర్జీని తిట్టాడు. ఎడమ చేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ తిమ్మిరెక్కి, మొద్దుబారి, ఏడాది కావస్తోంది. ఇన్నాళ్లలో ఆయన తిట్టని వస్తువు ఊళ్లో ఏదైనా ఉందంటే అది ఆయన మోచెయ్యి ఒక్కటే.

బరేలీ పాతబస్తీలో, ఇరుకు సందులో మేడమీద ఉన్న జరీ కార్ఖానాకు ఆయన ఉస్తాద్. అక్కడ నాలుగు కర్రల చట్రానికి బట్టను డప్పులా బిగించి కడతారు. దాని పేరు అడ్డా. పనివాళ్లు చుట్టూ నేల మీద కూర్చుంటారు. కుడి చెయ్యి బట్ట పైన సూదితో ఆడుతుంటే, ఎడమ చెయ్యి బట్ట కింద దారం అందిస్తుంది. కింద చేతికి చూపుండదు. వేళ్లకు తగిలిందే దానికి తెలుస్తుంది. ఇక్రార్ మియా వేళ్లకు ఇప్పుడు ఏదీ తగలడం లేదు. బట్ట చాటున ఉన్న చెయ్యి కాబట్టి మొదట్లో ఎవరికీ తెలియలేదు. పైగా ఆయన కుట్టడం మానేసి చాలా కాలమైంది. చిన్నాచితకా దిద్దుబాట్లు తప్ప మిగతా రోజంతా కుట్టించడమే.

ఆ కుట్టించడానికి ఒక భంగిమ ఉంది. పని నేర్చుకునే రోజుల్లో చట్రం కర్రకు మోచెయ్యి తగిలితే చెక్క బద్దతో ఒక్కటి పడేది. కర్ర కదిలితే కుట్టు వంకర పోతుంది. అందుకని అడ్డా మీద మోచెయ్యి ఆనించే హక్కు ఆ కార్ఖానాలో ఒక్క ఉస్తాద్‌కే. ఇక్రార్ మియా ముప్పయ్యో యేట ఆ హక్కు సంపాదించాడు. సంపాదించిన రోజున ఎడమ మోచెయ్యి కర్ర మీద పెట్టి, అరచేతిలో గడ్డం ఆనించాడు. ఇరవై రెండేళ్లు దాటినా తీయలేదు. పని నేర్పడం కంటే ఆ భంగిమ నిలబెట్టడమే ఆయనకు ఎక్కువ పని అయింది.

తిమ్మిరి మొదలయ్యాక వైద్యాలు మొదలయ్యాయి. ముందు ఎముకలు సరిచేసే పహిల్వాన్ దగ్గరికి వెళ్లాడు. వేళ్ల నరం మెడలో చిక్కుకుందని పహిల్వాన్ తల పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. వేళ్లు అలాగే ఉన్నాయి, మెడ మాత్రం నెల రోజులు పక్కకు తిరగలేదు. తర్వాత హకీమ్ నూనె. దాని వాసనకు పక్కన కూర్చునేవాళ్లు జరిగి జరిగి గోడకు చేరారు. మందుల షాపువాడు నరాల బలానికి ఎర్రటి ఇంజెక్షన్లు పొడిచాడు. సంతలో కొన్న రాగి ఉంగరం మొద్దువేలికి తొడిగితే, బిగుసుకుని వేలు వాచి, సబ్బు రాసి లాగాల్సి వచ్చింది. చివరికి బావమరిది ముజ్తబా అడవి పావురం పులుసు తెచ్చాడు. పక్షవాతం కూడా దీనికి లొంగుతుందన్నాడు. ఈ ముజ్తబా ఆ అడ్డా మీదే రెండో స్థానంలో పదిహేనేళ్లుగా కూర్చున్నవాడు. పులుసు తెచ్చినవాడి కళ్లు గిన్నె మీద లేవు, ఉస్తాద్ కూర్చున్న చోటు మీద ఉన్నాయి.

"తాగండి తాగండి," అంది ఇక్రార్ మియా భార్య శబీహా. "ఆ పావురమే బతికుంటే ఈపాటికి మంచి డాక్టర్‌కి కబురైనా తీసుకెళ్లేది."

ఇంతలో లాలాజీ పెద్ద పని తెచ్చాడు. కార్ఖానాకు సరుకిచ్చి పని చేయించుకునే వ్యాపారి ఆయన. కాన్పూర్ పెళ్లివారి లెహంగా. పెళ్లికూతురి తల్లికి పట్టుదల ఎక్కువ. మధ్య పువ్వు ఉస్తాద్ తన చేత్తో కుట్టాలి, కుడుతుంటే తాను కళ్లారా చూడాలి అంది. ఆవిడ వచ్చి పువ్వు మొదలుపెట్టించడానికి నెలన్నర గడువు. పువ్వు కుదరకపోతే ఆ చోట్లో ముజ్తబా కూర్చుంటాడని లాలాజీ దాచకుండా చెప్పాడు. అదే వారంలో, మొద్దుబారిన వేళ్లంటే అది కుష్ఠేమోనని మెట్ల మీద ఎవరో గొణిగారు. ఆ మాట చెవిన పడగానే శబీహా మొగుణ్ణి ప్రభుత్వాసుపత్రికి బయల్దేరదీసింది.

అక్కడ పంత్ డాక్టరమ్మ ఆయన ఒంటి మీద స్పర్శలేని మచ్చలున్నాయేమో వెతికింది. లేవు. షుగర్ పరీక్ష చేయించింది. లేదు. మెడ తిప్పించింది. అదీ బాగానే ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కాగితం పెట్టి, గట్టిగా పట్టుకోమని లాగింది. కాగితం సునాయాసంగా వచ్చేసింది. ఆ రెండు వేళ్ల నడుమ కండ గుంటపడిందని వేలితో నొక్కి చూపించింది.

"ఈ చెయ్యి రోజంతా ఎక్కడ పెడతారు?"

"నేను ఉస్తాద్‌ని," అన్నాడు ఇక్రార్ మియా.

"హోదా అడగలేదండీ. చెయ్యి సంగతి అడిగాను."

శబీహా అందుకుంది. "పగలు చెక్క మీద ఆనించి గడ్డం కింద పెట్టుకుంటారమ్మా. రాత్రి మడిచి తల కింద పెట్టుకుంటారు. ఆ మోచెయ్యి చాచి ఉండగా చూసి నాకెన్నేళ్లయిందో."

మోచేతికి గోడ తగిలితే జివ్వుమనే చోటుందే, అక్కడ నరం ఎముకకూ చర్మానికీ మధ్య పైపైనే ఉంటుందనీ, దాన్ని ఏళ్ల తరబడి కర్రకేసి నొక్కితే చివరి రెండు వేళ్లూ ముందు పోతాయనీ, తర్వాత పట్టు పోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. మందు ఏమిటని ఇక్రార్ మియా అడిగాడు.

"ఆనించడం మానడమే మందు. రాత్రి మోచేతికి తువ్వాలు చుట్టుకోండి, మడత పడకుండా ఉంటుంది. నెల తర్వాత రండి. ఆ గుంట ఇంకా లోతైతే ఆపరేషన్ చేసినా కండ తిరిగొస్తుందని చెప్పలేను."

బయటికొచ్చాక ఇక్రార్ మియా ఉమ్మేశాడు. ఊరికే చేసే వైద్యం ఇలాగే ఉంటుందన్నాడు. ఒక మాత్ర లేదు, ఒక సూది లేదు, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకోమంటే అది డాక్టర్ చెప్పే మాటేనా అన్నాడు. నిన్నగాక మొన్న చేరినవాడిలా ముడుచుకుని కూర్చుంటే రేపు తన మాట ఎవడు వింటాడన్నాడు. ఆయన మాట ఎన్నాళ్లుగానో ఎవరూ వినడం లేదన్న సంగతి శబీహాకు తెలుసు. ఇంటికెళ్లి పాత రజాయిలోంచి దూది పీకి, మెత్తటి దిండు కుట్టి, దాన్ని తీసుకెళ్లి అడ్డా కర్రకు కట్టింది. మానకపోతే మానకపోయె, నరం మీద బరువైనా తగ్గుతుందనుకుంది.

రెండు రోజులు దిండు పనిచేసింది. వేళ్లలో చీమలు పాకడం తగ్గిందని ఆయనే ఒప్పుకున్నాడు. మూడో రోజు కింది సందులోని ఇంకో కార్ఖానా ఉస్తాద్ చూడ్డానికొచ్చి, బాలింతకు వేసినట్టుందే అని నవ్వాడు. అంతే. ఇక్రార్ మియా దిండుకు మెరూన్ వెల్వెట్ తొడిగించాడు. చుట్టూ జరీ తీగ చుట్టలతో అంచు వేయించాడు. నడిమధ్య రాళ్లు పొదిగించాడు. లాలాజీ ఇచ్చిన పని ఆపి మరీ చేయించాడు. పనివాళ్లు వహ్వా అన్నారు. ముజ్తబా అందరికంటే గట్టిగా అన్నాడు.

"మెత్తదనం కోసం కట్టాను," అంది శబీహా దాన్ని చూసి. "దీని మీద మోచెయ్యి పెట్టడం కంటే కంకర మీద పెట్టుకోవడం నయం."

"చూసేవాళ్లకు ఉస్తాద్ చోటు తెలియాలి," అన్నాడాయన. రాళ్ల మీద మోచెయ్యి పెట్టి, అరచేతిలో గడ్డం ఆనించాడు. నెల తర్వాత ఆసుపత్రికి వెళ్లలేదు.

గడువు రోజున పెళ్లికూతురి తల్లి లాలాజీతో మెట్లెక్కి వచ్చింది. కుర్చీ వేశారు. ఇక్రార్ మియా బిస్మిల్లా అని మొదలుపెట్టాడు. పైన కుడి చెయ్యి ఎప్పటిలాగే అందంగా ఆడింది. కింద ఎడమ చేతిలో దారం ఎప్పుడుందో, ఎప్పుడు జారిందో ఆయనకే తెలియలేదు. పట్టు దొరక్క, ఏ వేలు దొరికితే ఆ వేలికి చుట్టి లాగాడు. రెండు రేకులయ్యేసరికి దంతపు రంగు పట్టు మీద సన్నగా ఎరుపు విచ్చుకుంది.

"ఈ ఎరుపు భలే ఉంది," అందావిడ ముందుకు వంగి. "ముందు చూపించిన నమూనాలో లేదే."

లాలాజీ అడ్డాను ఒక పక్కకు ఎత్తించాడు. బట్ట అడుగున దారం ఉండలు ఉండలుగా వేలాడుతోంది. చిటికెన వేలి నిండా సూది పోట్లు, వాటి నెత్తురు పట్టంతా అంటుకుని ఉంది. ఆ వేలి యజమాని వంగి చూసి, సూది మంచిది కాదన్నాడు.

పెళ్లి బట్ట మీద నెత్తురేమిటని ఆవిడ ముఖం తిప్పుకుని దిగిపోయింది. లాలాజీ కొత్త పట్టు తెప్పించి, ముజ్తబాను ముందుకు జరిగి కూర్చోమన్నాడు. ముజ్తబా జరిగాడు. దిండు కూడా ఆ చోటుతో పాటు వచ్చిందే అనుకున్నాడు కాబోలు, దాని మీద మోచెయ్యి ఆనించాడు.

ఆ తర్వాత ఆరు నెలలకు శబీహా ఆయన్ని లక్నో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. గుంట లోతైంది. చిటికెన వేలు లోపలికి వంగిపోయింది. నరాన్ని వదులుచేసి పక్కకు జరుపుతామనీ, ఉన్న పట్టు మిగలొచ్చనీ, పోయింది వస్తుందని మాత్రం ఆశపెట్టుకోవద్దనీ అక్కడి సర్జన్ చెప్పి, ఆపరేషన్‌కు వచ్చే నెల తారీఖు ఇచ్చాడు. అడగవలసినవి ఇంకేమైనా ఉన్నాయా అన్నాడు.

ఇక్రార్ మియా ఒక్కటే అడిగాడు. "ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లకు ఆనించుకోవచ్చు?"

ఎప్పటికీ కూడదన్నాడు సర్జన్.

ఇక్రార్ మియా ఇప్పుడు ఇంకో సర్జన్ కోసం వాకబు చేస్తున్నాడు.