ఓడ బయలుదేరిన తేదీ

నా చిన్నప్పుడు మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. ఖచ్చితంగా చెప్పాలంటే 1977 జూన్ నుంచి 1981 ఆగస్టు దాకా. అమ్మా నాన్నా ఆఫీసుల నుంచి వచ్చేవరకు నేను పక్కింట్లో ఉండేదాన్ని. ఆ ఇంటి అమెరికన్ మామ్మగారికి డెబ్బై ఏళ్ళు, ఒంటరి మనిషి. ఆవిడ ముత్తాత ఇంగ్లండ్‌లో గొర్రెను దొంగిలించి పట్టుబడితే, ద్వీపాంతర శిక్ష వేసి ఓడలో ఆస్ట్రేలియాకు పంపారట. ఆకలికి ఏడుస్తున్న పసిబిడ్డ కోసమే ఆ దొంగతనం చేశాడనీ, ఆ బిడ్డే పెద్దయ్యాక అమెరికా వచ్చిన తన తాతయ్య అనీ ఆవిడ చెప్పేవారు. "దొంగల వంశమే మాది. కానీ మంచి దొంగ," అని నవ్వేవారు. పదకొండేళ్ళుగా ఉత్తరాలు రాస్తూ ఆయన జాడ వెతుకుతున్నారు. చివరికి 1979లో ఆయన శిక్ష రికార్డు నకలు ఆవిడ చేతికి వచ్చింది. ఆ ఏడు థ్యాంక్స్‌గివింగ్‌కి వచ్చే చుట్టాలందరి ముందు ఆ కాగితం చదవాలని ఆవిడ కోరిక.

ఆ కాగితం మేము చూసింది 1979 నవంబరు 10, శనివారం మధ్యాహ్నం. పండగ ఇంకా పన్నెండు రోజులుంది. మా తాతయ్య అప్పుడు ఆరు నెలలు ఉండడానికి మా దగ్గరికి వచ్చి ఉన్నారు. జిల్లా కోర్టు రికార్డు గదిలో ముప్పై రెండేళ్ళు పనిచేసిన మనిషి. తెల్లదొరల కాలం నాటి గొలుసుకట్టు రాత ఆయనకు కొట్టినపిండి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నకలు చదవడం చేతకాక మామ్మగారు మమ్మల్నిద్దరినీ పిలిచారు.

తాతయ్య భూతద్దం పట్టుకుని ఒక్కో వరసా పైకి చదివారు. పేరు, ఊరు, గొర్రె దొంగతనం, అన్నీ సరిపోయాయి. ఆ మనిషి తిరిగి రాలేదనీ, అక్కడే చనిపోయాడనీ కూడా ఉంది. మామ్మగారు కళ్ళు తుడుచుకుని కాఫీ తేవడానికి లేచారు. అప్పుడు తాతయ్య ఒక వరస దగ్గర ఆగి, దాని మీద అరచెయ్యి ఆనించి ఊరుకున్నారు. అలసిపోయారేమో, మిగతాది నేను చదువుదామని ఆయన వేళ్ళు ఎత్తాను. ఓడ బయలుదేరిన తేదీ, 1833 మే 9. బల్ల మీదే తెరిచి ఉన్న బైబిల్‌లో, ఇంట్లో పుట్టినవాళ్ళ తేదీలు రాసుకునే మొదటి పేజీలో, మామ్మగారి తాతయ్య పుట్టిన తేదీ, 1835 అక్టోబరు 4. బిడ్డ తొమ్మిది నెలలకు పుడుతుందని మాకు స్కూల్లో ఆ సెప్టెంబరులోనే చెప్పారు.

"ఆయన మీ తాతయ్యకి ఫాదర్ అవడు," అన్నాను ఇంగ్లీషులో, వంటింట్లోకి వినపడేలా. "రెండేళ్ళ నాలుగు నెలల ఇరవై అయిదు రోజులు తేడా."

"ఆగవే," అన్నారు తాతయ్య. అప్పటికే మామ్మగారు కప్పులతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మళ్ళీ లెక్కపెట్టు," అన్నారావిడ. పెట్టాను. అంతే వచ్చింది.

"అయితే పదకొండేళ్ళు నేను ఎవరి కోసం వెతికాను?"

తాతయ్య మెల్లగా తన సంగతి చెప్పారు. నాలుగో ఏట ఏ రక్తసంబంధమూ లేని ఇంటికి దత్తత వెళ్ళారట. ఏటా తద్దినం పెట్టేది ఆ తండ్రికే, నాన్న అంటే ఆయనకు గుర్తొచ్చేదీ ఆ మనిషే. మా ఇంట్లో ఎవరూ ఎత్తని ఆ మాట నేను మొదటిసారి పరాయి వాళ్ళ ఇంట్లో విన్నాను.

మామ్మగారు పూర్తిగా విన్నారు. "మిమ్మల్ని ఆయన కావాలని తెచ్చుకున్నాడు. ఆ పిల్లవాడు పుట్టాడన్న సంగతే ఈ ఓడెక్కిన మనిషికి తెలియదు," అన్నారు.

పండగనాడు ఆవిడ ఇంటి ముందు నాలుగు కార్లు ఆగాయి. ఏం చదివారో, అసలు చదివారో లేదో నేను అడగలేదు. ఆ తరువాత మేమక్కడ ఇరవై ఒక్క నెలలు ఉన్నాం. నన్ను ఎప్పటిలాగే చూసుకున్నారు గాని, ముత్తాత ఊసు మళ్ళీ ఎత్తలేదు.

కాగితం చదివిన ఆ శనివారం సాయంత్రం ఇంటికి నడుస్తుంటే తాతయ్య తిడతారనుకున్నాను. ఎంతకీ తిట్టకపోయేసరికి నేనే అడిగాను, నా లెక్క తప్పా అని.

"లెక్క సరిగ్గానే ఉంది, అమ్మలూ. నేనూ చెప్పేవాణ్ణే. ఆవిడ వచ్చి కూర్చుని, ఆ కాఫీ తాగాక."

నాకిప్పుడు అరవై దగ్గరపడుతున్నాయి. చుట్టాలూ స్నేహితులూ తేదీలు, కాగితాలు సరిచూడమని నా దగ్గరికే తెస్తారు. తప్పు కనబడితే నేను దాచను, ఒక్క రోజు కూడా తగ్గించి చెప్పను. కాకపోతే నోరు తెరిచే ముందు ఎదుటి మనిషిని ఒకసారి చూస్తాను. నిలబడి ఉంటే, కుర్చీ జరుపుతాను.