మూడుసార్లు పెద్దది చేయించిన ఉంగరం

నా పెద్దకొడుకు పోయి నలభై రోజులు దాటింది. వాడు పోయిన పొద్దున, దోహాలోని మదీనత్ ఖలీఫాలో నేను పనిచేసే ఇంట్లో బియ్యం కడుగుతున్నాను. కంపెనీ లేబర్ క్యాంప్‌లో వాడి రూంలోనే ఉండే నిజామాబాద్ భాయ్ ఫోన్ చేశాడు. "అమ్మా, డ్యూటీకి టైం అయింది. మనోడు లేస్తలేడు" అన్నాడు. "ముఖం మీద నీళ్లు చల్లు బిడ్డా, వానిది మొద్దునిద్ర" అన్నాను. అతను ఏడ్చాడు. నా చేయి ఇంకా బియ్యంలోనే ఉంది.

నేను ఐదో తరగతి దాకే చదివాను. రాయడం పెద్దగా రాదు. వాడికి వచ్చిన జబ్బు సంగతి నాలుగు ముక్కలు చెబుదామని రాస్తున్నాను. దాని పేరు అక్రోమెగలీ. ఆ పేరు నా చెవిన పడేసరికి వాడికి పది నెలలే మిగిలాయి.

మా ఆయన పోయాక వంటపనికి నేనే ముందు ఖతర్ వచ్చాను. ఊళ్లో వాళ్లు ఇప్పటికీ నేను దుబాయ్‌లో ఉన్నాననే అంటారు. ఆ రోజుల్లో దోహాలో ఎటు చూసినా కొత్త బిల్డింగులు లేస్తున్నాయి. మనిషి దొరికితే చాలన్నట్టు ఉండేవి కంపెనీలు. వాడికి ఇరవై రెండేళ్లప్పుడు నేనే వీసా పట్టి పిలిపించాను. వచ్చిన మొదటి శుక్రవారం వాళ్ల బాపు వెండి ఉంగరం వాడికిచ్చాను. వదులైంది. లోపల దారం చుట్టి తొడిగాను. "బాపు వేళ్లు ఎంత లావుండెనే అమ్మా!" అన్నాడు.

రెండేళ్లకు దారం తీసేశాం. ఇంకో ఏడాదికి ఉంగరం బిగుసుకుంది. నాకు ఎంత సంతోషమో. తండ్రిని మించాడు, గల్ఫ్ తిండి ఒంటబట్టింది అనుకున్నాను. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా సిరిసిల్ల దిక్కు అవుసలాయన ఒక చిన్న కొట్టులో కూర్చుని నగలు చేసేవాడు. ఉంగరం కోయించి, అతుకు వేయించి పెద్దది చేయించాను. కొన్నాళ్లకు మళ్లీ. మూడోసారి పోతే ఆయన వాడి వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూశాడు.

"అక్కా, ఒళ్లు చేస్తే వేలు మెత్తగుంటది. ఇది ఎముక. ముప్పైకొచ్చిన మనిషికి ఎముక పెరుగుడేంది? డాక్టర్‌కు చూపియ్యి."

"నీ పని నువ్వు చెయ్యన్నా. నా కొడుకుకు దిష్టి పెట్టకు" అన్నాను. ఆయన అతుకు వేసి ఇచ్చాడు.

ఎవరన్నా "పిల్లవాడు ఇంత పెరిగాడేమిటి" అంటే మనం ఉప్పు, ఎండుమిరపకాయలు వెతుకుతాం. నేనూ అదే చేశాను. ఇంటి వెనక గేటు దగ్గర నిలబెట్టి దిష్టి తీశాను. "నీ చెయ్యి నా తలకాయ దాకా అందుతలేదు. ఆగు, కూసుంట" అని నవ్వాడు. నవ్వితే పళ్ల మధ్య సందులు కనిపించాయి. అంతకుముందు లేవు. చూసి కూడా మిరపకాయలు పొయ్యిలో వేయడానికి లోపలికి పోయాను. ఇల్లంతా ఘాటు. మా మేడమ్ దగ్గుతూ "బర్రా! బర్రా!" అని నన్ను బయటికి తరిమింది. ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టే కదా. దిష్టి లేదని తేలింది కాబట్టి వాడికి ఏమీ లేదనుకున్నాను. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను కూడా.

క్యాంప్‌లో వాడి గురకకు అందరూ "క్రేన్ చాలూ అయింది రా" అని నవ్వేవారట. తలనొప్పికి గోళీలు మింగేవాడు. చూడడానికి అంత మనిషి గానీ, మోకాళ్లు పట్టుకుని లేచేవాడు. "పెద్దగున్ననని అందరు నాకు బరువే ఇస్తరమ్మా" అని ఒక్కసారి అన్నాడు. ఒక్కసారే.

పక్కనుంచి వచ్చే బండి కనిపించడం లేదన్నాకే అల్ సద్‌లో డాక్టరమ్మ దగ్గరికి పోయాం. కోస్తా వైపు మనిషి. రక్తం పరీక్ష, తలకు స్కాన్ చేయించింది.

"అమ్మా, మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది. ఎదగమని ఒంటికి చెప్పేది అదే. దాని మీద గడ్డ లేచింది. అందుకే ఆ చెప్పడం ఆగలేదు. చేతులు, కాళ్లు, దవడ, లోపల గుండె, అన్నీ పెరిగాయి. గడ్డ చూపు నరాన్ని నొక్కుతోంది, అందుకే పక్కవి కనిపించడం లేదు" అంది. "ఉంగరం ఎప్పుడైనా పెద్దది చేయించారా?"

"మూడుసార్లు" అన్నాను.

ఆమె కాసేపు కాగితాలు చూసింది. "మొదటిసారే వచ్చుంటే ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీసేవాళ్లు. ఇప్పుడు మత్తు ఇవ్వాలన్నా గుండె తట్టుకోవాలి. ముందు మందులు వాడదాం."

బస్సులో నేను తల ఎత్తలేదు. వాడే అన్నాడు: "అవుసలాయన నాకు గూడ చెప్పిండమ్మా. క్యాంప్‌ల తెలిస్తే ఇంటికి తోలుతరని నేనే ఊకున్న." అది నిజమో, నా కోసం ఆడిన అబద్ధమో నాకు తెలియదు. ఇప్పుడు అడుగుదామంటే వాడు లేడు.

మందులు వాడాడు. గుండె బాగుపడలేదు. ఆపరేషన్ రోజు రాలేదు. నిద్రలోనే పోయాడు.

ఇది చదివే తల్లులు పిల్లల చేతులు చూసుకోండి. నేను చెప్పగలిగింది అంతే. చెప్పినందువల్ల నాకేమీ తేలిక కాలేదు.

వాడు పోయిన రోజు ఆసుపత్రి శవాల గదిలో ఆఫీసర్ వాడి పాస్‌పోర్ట్ తెరిచాడు. ఫోటోలో సన్నని దవడ, చిన్న ముక్కు, ఇరవై రెండేళ్ల పిల్లవాడు. ఫోటో చూశాడు, ముఖం చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. "యే వహీ హై?" అని నన్ను అడిగాడు. వాడేనా అని.

నేనూ రెండూ చూశాను. మారనివి కళ్లు మాత్రమే, అవేమో మూసి ఉన్నాయి.

"వాడే. నా కొడుకే" అన్నాను.

ఆఫీసర్ కాగితం రాసుకోవడానికి పాస్‌పోర్ట్‌ను తెరిచినది తెరిచినట్టే వాడి గుండె మీద, తెల్లగుడ్డ పైన పెట్టాడు. ఏసీ గాలికి పేజీలు ఒక్కొక్కటే తిరుగుతున్నాయి.